చెవిలో హోరు తగ్గట్లేదా? ముందు ఆ దూది తీయండి

కర్నూలులో వినాయక నిమజ్జనం తొమ్మిదో రోజు. కేసీ కెనాల్ ఘాటు దాకా ట్రాక్టర్ల మీద డీజే బాక్సులు, వాటి ముందు గంటల తరబడి చిందులు. మర్నాటి నుంచి మా గది ముందు బెంచీ నిండుతుంది. "సార్, చెవిలో ఒకటే కుయ్యిమంటాంది." ఏడాది పొడవునా వచ్చేవాళ్లు వేరే ఉన్నారు: బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీల్లో కోత మిషన్ల దగ్గర నిలబడేవాళ్లు, క్రషర్ల మీద పనిచేసేవాళ్లు. నా పని వినికిడి పరీక్ష. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమనడం. పదహారేళ్లుగా ఇదే.

నా దగ్గరికి వచ్చేటప్పటికే చాలామంది మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఓ రెండు షీట్లు అయిపోగొట్టి ఉంటారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకుని ఉంటారు. చెవిలోకి లైటు వేసి చూపించుకుని వచ్చినవాళ్లు మాత్రం అరుదు.

ఒక్క చెవి దిబ్బడ, అందులోనే హోరు

మొదటి అనుమానం గుబిలి మీద. స్నానం చేశాక ఉన్నట్టుండి మూసుకుపోయిందంటే చాలావరకు అదే. ఊరేగింపు మర్నాడు మూసుకుపోయింది కాబట్టి డీజే వల్లే అని వాళ్లే తేల్చేసుకుంటారు. చెవి డాక్టరు చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి. చూపించుకోకముందు నూనె, చుక్కల మందు ఏదీ వేయొద్దు. దగ్గర్లో టపాసు పేలి కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది. పిన్నీసు, బండి తాళంచెవి సంగతి వేరే చెప్పాలా?

ఇంట్లోనే చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని 'మ్...' అని సాగదీయండి. ఆ శబ్దం బాగాలేని చెవిలోనే గట్టిగా మోగితే గుబిలి లాంటిదేదో అడ్డం ఉండొచ్చు. బాగున్న చెవి వైపు పోతే దెబ్బ లోపలి చెవికి తగిలి ఉండొచ్చు. ఇది సూచన మాత్రమే, అసలు పరీక్షకు బదులు కాదు.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఒక్క చెవే రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మందగించింది, ఫోన్ ఆ చెవికి పెడితే మాటలు తెలియట్లేదు, 'మ్' అంటే అవతలి చెవిలో మోగుతోంది. అలాంటప్పుడు డీజే మోత, అదే తగ్గుతుందిలే అని కూర్చోవద్దు. ఈరోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఇలా ఉన్నట్టుండి వచ్చిన చెవుడుకు స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఆశ. నెల తర్వాత వచ్చి "నరాల బలహీనత అన్నారు సార్, బలం మాత్రలు వాడినాను" అంటే నేను గ్రాఫ్ గీసి ఇవ్వడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండు చెవుల్లోనూ కీచురాయి కూత, మాటలు ఎక్కడినుంచో వస్తున్నట్టు

పెద్ద మోతలో గడిపి వచ్చాక ఇది మామూలే. ఒకటి రెండు రోజుల్లో చాలామందికి సర్దుకుంటుంది. ఆ రెండు రోజులూ మళ్లీ మోతలోకి వెళ్లకపోవడమే మందు. వారం దాటినా తగ్గకపోతే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్, తీయించండి. మోత దెబ్బ తిన్న చెవిలో గీత 4000 హెర్ట్జ్ అనే కీచు స్వరం దగ్గర, అటూ ఇటూగా, గుంటలో పడినట్టు దిగి, 8000 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పైకి లేస్తుంది. ఆ గుంట చూస్తే చాలు, ఏం పని చేస్తావని అడగక్కర్లేదు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమాల కణాలు ఉంటాయి. పెద్ద మోతకు కొన్ని తాత్కాలికంగా వాలిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. చచ్చినవి మనిషిలో మళ్లీ మొలవవు. వాటి నుంచి రావాల్సిన శబ్దం రాకపోయేసరికి మెదడు తన వైపు నుంచి జోరు పెంచుతుంది. బోరు ఎండిపోయినా మోటారు ఆపకపోతే గొట్టంలోంచి నీళ్లకు బదులు గాలి చప్పుడు రాదూ? హోరు అలాంటిది. పుట్టింది చెవి దెబ్బతో, నడిపిస్తున్నది మెదడు. ఈ సంగతి పట్టుకోకపోతే కింద చెప్పబోయేది అర్థం కాదు.

పరీక్షలో తేడా లేదు, హోరు మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది

దీంట్లో నేనే దెబ్బతిన్నాను. కొత్తలో అందరికీ ఒకే మాట చెప్పేవాణ్ని: "శబ్దానికి దూరంగా ఉండండి, చెవుల్లో దూది పెట్టుకోండి." పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే నలభై ఏళ్లాయన ఒకాయన నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. రెండు చెవుల్లో దూది, పైన మఫ్లరు. ఇంట్లో టీవీ బంద్. గిన్నెల చప్పుడు కాకూడదని భార్యకు హుకుం. పిల్లల గోల లేకుండా ఒక్కడే మిద్దె మీది గదిలో పడుకుంటున్నాడు. హోరు రెండింతలైంది, కుక్కర్ కూత వినలేకపోతున్నానన్నాడు. చెవుడు పెరిగిందేమోనని పరీక్ష చేశాను. కొత్త గీత సరిగ్గా పాత గీత మీదే వచ్చింది. చెవిలో ఏమీ మారలేదు, మారిందల్లా చుట్టూ ఉన్న చప్పుడు.

నిశ్శబ్దంలో ఎవరి చెవైనా మోగుతుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కాసేపు కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక మోత వినపడిందన్నారు. 2012లో వచ్చిన ఇంకో పరిశోధనలో 18 మంది ఒక చెవికి వారం రోజులు ప్లగ్ పెట్టుకుని ఉన్నారు. వాళ్లలో 14 మందికి లేని శబ్దాలు వినపడ్డాయి. ప్లగ్ తీసేశాక పోయాయి. బాగున్న చెవికే ఇట్లా ఉంటే దెబ్బతిన్న చెవికి దూది కుక్కి, చీకటి గదిలో "ఉందా, పోయిందా" అని చెవొగ్గి వింటూ కూర్చుంటే ఏమవుతుంది?

ఇంకో సంగతి నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. ఎండాకాలంలో తగ్గింది, సంక్రాంతి దగ్గర పడేసరికి పెరిగింది అంటారు. చలికి నరాలు బిగుసుకుంటున్నాయట. కాదు నాయనా, ఎండాకాలం రాత్రంతా కూలర్ తిరుగుతుంది, చలికాలం ఫ్యాన్ ఆపేసి పడుకుంటారు. అంతే తేడా. కరెంటు పోయినప్పుడు ఎక్కువైందంటే కూడా అదే కథ.

పరిష్కారం దూది తీయడంతో మొదలు. రాత్రి పడుకునేటప్పుడు గదిలో ఏదో ఒక మెత్తటి చప్పుడు ఉండాలి. చలికాలమైతే టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెట్టండి. లేదా ఫోన్‌లో వాన చప్పుడు స్పీకర్‌లో, గదిలో ఓ మూలన. ఇయర్‌ఫోన్లు వద్దు. ఎంత గట్టిగా అన్నది ముఖ్యం: హోరును ముంచేసేంత పెట్టకూడదు. హోరు ఇంకా కొంచెం వినపడుతూ ఉండాలి, దాని పక్కనే ఈ చప్పుడూ ఉండాలి. పూర్తిగా ముంచేస్తే మెదడు దానికి అలవాటు పడే అవకాశం ఉండదు, ఆపిన మరుక్షణం మళ్లీ మొదటికి వస్తుంది. కుక్కర్ కూతకు ఉలిక్కిపడే స్థితికి వచ్చినవాళ్లు ఒక్కసారిగా సంతలోకి పోనక్కర్లేదు. మొదట ఇంట్లో, తర్వాత వీధిలో, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి.

అయితే ఫ్యాక్టరీలో ప్లగ్ మానేయమని కాదు, ఇక్కడే మళ్లీ తప్పు పడతారు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ ప్లగ్ కావాలి. ప్లగ్ లేకుండా ఉండదగ్గ సమయం 85 డెసిబెల్స్ మోత దగ్గర ఎనిమిది గంటలు; ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. అలాంటి చోట దూది పనికిరాదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, అవతలి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనపడుతుంటే పెట్టుకున్నట్టు కాదు. గేటు దాటగానే తీసేయాలి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు: మిషన్ దగ్గర ఉత్త చెవులు, ఇంటికొచ్చాక దూది.

ఎన్ని రోజులకు తగ్గుతుంది అంటారు. రోజులు కాదు, నెలలు. కొందరికి పూర్తిగా పోదు కూడా, కానీ పట్టించుకోవడం పోతుంది. గుంతకల్లులో రైలు కట్ట పక్కన ఇళ్లున్నవాళ్లను రాత్రి ఎన్ని బండ్లు పోయాయో అడిగి చూడండి. మిద్దె గది ఆయన కింద గదిలోకి దిగి, ఫ్యాన్ పెట్టుకుని, ఆరు నెలల తర్వాత వచ్చాడు. ఎలా ఉందంటే, "మీరు అడిగేదాంక గుర్తు ల్యా సార్" అన్నాడు.

మాత్రల చీటీ, టెన్షన్, మిగతావి

మోత దెబ్బతో వచ్చిన హోరును మాయం చేసే మాత్ర ఇప్పటిదాకా లేదు. జింక్, గింకో లాంటివి డబ్బు దండగ. హోరుకని వాడే తలతిరుగుడు మాత్ర తల తిరిగేవాళ్లకే. టీ మానేయక్కర్లేదు, రాత్రి తాగితే నిద్ర పట్టకపోతేనే ఆలోచించండి. హోరును పెంచే మందులు మాత్రం ఉన్నాయి: ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్వినైన్, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్. వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి.

పరీక్షలో వినికిడి తగ్గిందని తేలితే వినికిడి మిషన్ హోరుకు కూడా పనిచేస్తుంది, బయటి శబ్దం లోపలికి తెస్తుంది కాబట్టి. "ముసలోడంటారు సార్" అని వద్దంటారు. పిలిస్తే పలకని మనిషిని ఇంకేమంటారో మరి. నిద్ర, దిగులు అదుపు తప్పితే కౌన్సెలింగ్ తీసుకోండి. సీబీటీ అనే పద్ధతికి (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) హోరు విషయంలో మంచి రుజువులున్నాయి. బతకాలనిపించనంత బాధగా ఉంటే 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్)కు ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

హోరు గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తుంటే, తల తిరుగుతుంటే, లేదా ఎప్పుడూ ఒక్క చెవిలోనే ఉంటే డాక్టరు స్కాన్ రాయొచ్చు. దవడ బిగిస్తే హోరు మారుతుంటే దవడ, మెడ చూపించండి. ఇలాంటి కేసులు తక్కువ.

పరీక్షకు వచ్చేవాళ్లు షిఫ్టు దిగి నేరుగా రావొద్దు. ఆ రోజు మోతకు తాత్కాలికంగా వాలిన కణాలు కూడా లెక్కలో పడి గీత ఇంకా కిందికి దిగుతుంది. వారానికోసారి వచ్చే సెలవు మర్నాడు పొద్దున, పనిలోకి వెళ్లకముందు రండి. బండి మీద వచ్చేటప్పుడు ఇయర్‌ఫోన్లలో పాటలు వింటూ మాత్రం రాకండి.