పెద్దయ్యాక సంగీత శాస్త్రం మొదలుపెట్టడం ఎలా?

నలభై దాటాక సంగీతం మీద మనసైనవాళ్లు చాలామంది ముందుగా ఒక పుస్తకం కొంటారు. తెరవగానే 72 మేళకర్తలు, 35 తాళాలు, దశవిధ గమకాలు. బట్టీ పట్టడం మొదలవుతుంది, కొన్నాళ్లకి పుస్తకం అటకెక్కుతుంది. శబ్దం వినకుండా పేర్లు మోయడం ఎవరికైనా బరువే. అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: ఏ రోజు నేర్చుకున్న పేరు ఆ రోజే చెవికి వినబడాలి, గొంతులోనో వేలి కిందో పలకాలి. నిజానికి పెద్దవాళ్లకి పిల్లల కన్నా ఒక వసతి ఎక్కువ. ఇన్నేళ్లుగా విన్న కీర్తనలు, సినిమా పాటలు, నాటకాల పద్యాలు చెవుల్లో ఉండనే ఉన్నాయి. రాగాలు మీకు పాత చుట్టాలే, పేర్లు తెలియవంతే.

ఇక్కడ చెప్పేది కర్ణాటక సంగీతం గురించి. ఫోన్లో ఒక తంబూరా యాప్, ఒక కీబోర్డు యాప్, ఒక మెట్రోనోమ్ (సమానంగా టిక్కుమంటూ లయ చూపేది) ఉంటే చాలు. రోజుకి ఇరవై నిమిషాలు సరిపోతుంది, కానీ రోజూ కూర్చోవాలి.

1. మీ శ్రుతి పట్టుకోండి

శ్రుతి అంటే మీ గొంతుకి సా గా పెట్టుకునే ఎత్తు. కీబోర్డులో నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండు మెట్ల గుంపుకి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్ల మెట్టు ఒకటో శ్రుతి. దాని పక్క నల్లది ఒకటిన్నర, ఆ తర్వాతి తెల్లది రెండు. సాధారణంగా మగవాళ్లకి ఒకటి నుంచి రెండు, ఆడవాళ్లకి నాలుగున్నర నుంచి ఆరు మధ్య ఎక్కడో కుదురుతుంది. కింద మంద్ర పంచమం (కింది పా) దాకా, పైన తార గాంధారం (పై గా) దాకా గొంతు బిగబట్టకుండా వెళ్లగలిగితే అదే మీ శ్రుతి.

తంబూరా పెట్టుకుని మొదటి వారం సా, పా, పై సా మాత్రమే పాడండి. సా 240 హెర్ట్జ్ అనుకుంటే పా 360, పై సా 480. ఈ లెక్కలు ఇంత తేలిగ్గా ఉండటం వల్లే ఆ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గొంతు సరిగ్గా కలిసిన క్షణంలో మీ స్వరం తంబూరాలో కరిగినట్టు అనిపిస్తుంది. అది అనుభవంలోకి వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

2. చేతికి తాళం నేర్పండి

ఆదితాళంతో మొదలుపెట్టండి. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు వరసగా లెక్కపెట్టాలి. ఈ నాలుగూ కలిపి లఘువు. ఆపైన ఒక దెబ్బ వేసి, చేయి వెల్లకిలా తిప్పితే ద్రుతం. ద్రుతం మరోసారి. మొత్తం ఎనిమిది, అది ఒక ఆవర్తం.

ఒక్కో లెక్కకి ఒక్కో స్వరం అంటే మొదటి కాలం. లెక్కకి రెండైతే రెండో కాలం, నాలుగైతే మూడో కాలం. పెద్దవాళ్లు తడబడేది ఇక్కడే: నోరు వేగం పెంచగానే చేయి కూడా పరుగెత్తుతుంది. చేయి కదలిక మూడు కాలాల్లోనూ ఒకేలా ఉండాలి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని, ముందు మాట లేకుండా చేయి మాత్రమే ఆడించండి. టీవీ చూస్తూ కూడా చేయొచ్చు.

3. స్వరాలకి స్థానాలు చూడండి

స్వరాలు ఏడే అయినా వాటి స్థానాలు 12. సా, పా కదలవు. మిగతావి చోటు మార్చుకుంటాయి. దీన్ని కీబోర్డు మీద చూస్తే ఒక్క పూటలో అర్థమవుతుంది.

ఒకటో శ్రుతి మెట్టును సా అనుకోండి. దాన్ని ఆనుకున్న నల్లది రి. నల్లమెట్లు రెండూ దాటాక వచ్చే తెల్లది గా, దాని పక్క తెల్లది మా, తర్వాతి తెల్లది పా. పాకి కుడి పక్క నల్లది దా. పై సాకి ముందున్న తెల్లది ని. ఇదే మాయామాళవగౌళ. 16వ శతాబ్దపు పురందరదాసు మొదటి పాఠాలకి ఈ రాగాన్నే ఎంచాడని సంప్రదాయం. ఎందుకో నల్లవీ తెల్లవీ కలిపి మెట్లు లెక్కపెడితే తెలుస్తుంది. సా నుంచి రికి ఒక మెట్టు, అక్కణ్నుంచి గాకి మూడు, అక్కణ్నుంచి మాకి ఒకటి. పా నుంచి పై సా దాకా మళ్లీ అదే ఒకటి, మూడు, ఒకటి. కింది సగం వస్తే పై సగం దాదాపు వచ్చినట్టే.

సరళీ స్వరాలు, జంట స్వరాలు అనే తొలి పాఠాలు ఈ రాగంలోనే పాడండి. మెట్టు నొక్కి వినడం, ఆపి పాడడం, మళ్లీ నొక్కి సరిచూసుకోవడం. ఎంత విసుగనిపించినా ఈ వరస తప్పించకండి.

4. ఒక్క మెట్టు మార్చి వినండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇది. ఒకటో శ్రుతి నుంచి తెల్ల మెట్లన్నీ వరసగా వాయిస్తే శంకరాభరణం స్వరాలు. అందులో మా ఒక్కదాన్ని పక్క నల్ల మెట్టుకి జరపండి. కల్యాణి! మిగతా ఆరూ అక్కడే ఉన్నాయి, అయినా గదిలో వెలుతురు మారినట్టుంటుంది. శుద్ధ మధ్యమానికీ (శంకరాభరణంలోని మా) ప్రతి మధ్యమానికీ (కల్యాణిలోని మా) తేడా ఏమిటో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు తెల్లవి వదిలేసి నల్లవి ఐదే వాయించండి. మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని సా చేసుకుంటే మోహనం. అవే ఐదు మెట్లు, రెండోదాన్ని సా చేసుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని చేసుకుంటే హిందోళం. రెండు మెట్ల గుంపులో మొదటిది శుద్ధ సావేరి, రెండోది శుద్ధ ధన్యాసి. దీన్ని గ్రహభేదం అంటారు. ప్రతిసారీ తంబూరాను కొత్త సాకి మార్చుకోండి, లేకపోతే చెవి పాత సా దగ్గరే ఉండిపోతుంది.

5. మేళకర్తల లెక్క ఇప్పుడు చూడండి

మేళకర్తలంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాలు. సా, మా మధ్య నాలుగు స్థానాలున్నాయి. రి, గా వాటిలో రెండు తీసుకోవాలి, అందుకు ఆరు దారులు. పా పైన దా, నిలకీ అలాగే ఆరు. మధ్యమాలు రెండు. 6 × 6 × 2 = 72. 17వ శతాబ్దంలో వేంకటమఖి కూర్చిన పథకానికి ఆధారం ఇదే.

మేళకర్త రాగం పేరులో మొదటి రెండు అక్షరాల్లో సంఖ్య దాగి ఉంటుంది. అక్షరం తన వరసలో ఎన్నోదో అదే దాని అంకె. మాయామాళవగౌళలో ‘మా’ (ప, ఫ, బ, భ, మ వరసలో) ఐదు, ‘యా’ (య, ర, ల వరసలో) ఒకటి. తిరగేస్తే 15, అదే దాని సంఖ్య. జాబితా కంఠతా పట్టనక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు.

6. గురువు దగ్గరికి వెళ్లండి

కీబోర్డు స్థానం చూపిస్తుంది, గమకం, అంటే స్వరం ఊగే తీరు, చూపించలేదు. తోడి స్వరాలు మెట్ల మీద ఉన్నవున్నట్టు వాయిస్తే తోడిలా ఉండదు. అది ఎదురుగా కూర్చుని, స్వరం ఎలా ఊగుతుందో విని పట్టుకోవలసిందే. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల లాంటి సంస్థలూ, వీధి చివర ఇంట్లో పాఠం చెప్పే అయ్యవార్లూ, టీచరమ్మలూ ఉన్నారు. విదేశాల్లో ఉంటే వీడియో కాల్ మీద చెప్పేవారూ దొరుకుతారు.

వెళ్లినప్పుడు “శాస్త్రం కూడా నేర్చుకుంటున్నానండీ, మోహనంలో గాంధారం ఒకసారి గమకం లేకుండా, ఒకసారి గమకంతో పాడి వినిపిస్తారా?” అని అడగండి. వారి అనుమతితో ఫోన్లో రికార్డు చేసుకుని, మరుసటి రోజు తంబూరా పెట్టి ఆ రెండిటినీ పాడి చూసుకోండి.