సుబాబుల్ దుంగలు కట్టేటప్పుడు

ఇరవై ఏళ్లుగా గుంటూరు నుంచి విజయవాడ మీదుగా సుబాబుల్ దుంగలు తోలుతున్నాను. మొదలు, కొస తారుమారుగా పేర్చండి, సందులు తగ్గుతాయి. అంచు దుంగ నడిమధ్య భాగం బండి పక్కన నిలబెట్టిన గుంజ కొనకంటే కిందే ఉండాలి.

మిర్చి టిక్కీలకు (బస్తాలకు) కట్టే మోకు వీటికి వద్దు, రాపిడికి తెగుతుంది. గొలుసులే వేయండి. తడిసిన బెరడు సబ్బులా జారుతుంది కనుక వానాకాలంలో నేను ఒకటి అదనంగా వేస్తాను.

కుదుపులకు దుంగలు సర్దుకుని గొలుసు వదులవుతుంది. అందుకే కాజ టోల్‌గేటు దాటాక బండి ఆపి, ఒక్కోదాన్నీ చేత్తో లాగి చూస్తాను. ఒకసారి నాలుగు వేళ్లు దూరేంత వదులైంది. వెనకే స్కూటరు మీద తల్లీబిడ్డలు! ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

దించేటప్పుడు కొక్కెం విప్పే ముందు అవతలి పక్కకు నడిచి వెళ్లి, అక్కడ ఎవరూ లేరని మీ కళ్లతో చూసుకోండి.