పాత ఇల్లు కొంటున్నారా? ముందు క్యాలెండర్ వెనక చూడండి

నాలుగేళ్ల కిందట మా బావమరిది గుంటూరులో ఒక పాత డాబా ఇల్లు బేరమాడుతూ నన్ను కూడా తీసుకెళ్లాడు. హాల్లో ఒక క్యాలెండర్ నడుమెత్తులో వేలాడుతోంది. అంత కిందికి ఎవరు తగిలిస్తారు? పక్కకి జరిపి చూస్తే, కిటికీ కింది మూల నుంచి ఏటవాలుగా నేల వైపు దిగిన బీట. "ఏముందండీ, పూత పగిలింది. మేస్త్రీకి గంట పని" అన్నారు ఇంటాయన. ఆయన అబద్ధమాడారని అనుకోను. రోజూ చూసే గోడలో ఎంత బీటైనా కొన్నాళ్లకి కంటికి ఆనదు.

పాత ఇంట్లో లోపాలుండటం వింత కాదు. ఒక్కటీ కనపడకపోతేనే నాకు అనుమానం. ఆ లోపం ఎందుకొచ్చిందో తెలియాలి, అంతే. చూడటానికి ఒకేలా ఉన్న రెండు మచ్చల్లో ఒకటి ప్లంబరు పూటలో బాగుచేసేది, రెండోది లక్షలు పోసినా మళ్లీ తేలేది కావచ్చు.

వెళ్లేటప్పుడు టార్చి, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, పెన్సిలు, ఒక గోలీ వెంట ఉంచుకోండి. వీలైతే గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. ఎండాకాలంలో చూసిన ఇల్లు సగం చూసినట్టే. నాలుగు గోడల్లో ఒక్కదానికే కొత్త రంగు ఉంటే అక్కడే ఎక్కువసేపు ఆగండి. బీరువా జరపమని అడగడానికి మొహమాటపడొద్దు.

గోడలో బీటలు

ముందు వెడల్పు చూడాలి. ఏటీఎం కార్డు అంచు కూడా దూరనంత సన్నగా, సాలెగూడులా పాకిన గీతలు పైపూతవే. పూత పూశాక సరిగా తడపకపోతే అలా వస్తాయి, రంగులు వేసేటప్పుడు పుట్టీతో పోతాయి. పిల్లరు, గోడ కలిసేచోట నిలువునా తిన్నగా ఉన్న గీతకీ భయపడక్కర్లేదు. కాంక్రీటు, ఇటుక ఎండకి ఒకేలా సాగవు కాబట్టి ఆ అతుకు విడుతుంది. అక్కడ పూత కొట్టేసి, రెండింటి మీదికీ వచ్చేలా సన్నని ఇనుప జాలీ బిగించి మళ్లీ పూస్తే సరి. పై అంతస్తులో శ్లాబుకి సరిగ్గా కింద అడ్డంగా పోయే గీత కూడా ఈ కోవలోదే. ఎండకి శ్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటూ గోడని లాగుతుంది.

భయపడాల్సింది ఏటవాలు బీటకి. ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగుతూ, ఒక చివర సన్నగా, రెండో చివర పెన్సిలు దూరేంత ఉందంటే పునాది ఒక మూల కదిలిందని అర్థం. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో ఇది ఎక్కువ. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలిస్తుంది. పునాది లోతు చాలని ఇల్లు దానితోపాటే ఏటా లేచి కూర్చుంటుంది.

పునాది కదిలిందో లేదో తలుపులు కూడా చెబుతాయి. చెక్క ఉబ్బిందనుకోండి, వానాకాలంలో తలుపు అంచు పొడవునా బిగుస్తుంది. ద్వారబంధమే ఒరిగితే ఒక పైమూల రాసుకుంటుంది, పక్క మూలలో సందు కనిపిస్తుంది. తర్వాత గోలీ తీసి నేల మీద వదలండి. బాత్రూమ్, వరండా సంగతి వేరు, వాటికి వాలు కావాలనే పెడతారు. కానీ హాల్లో వదిలినా, పడగ్గదిలో వదిలినా గోలీ ఇంటి ఒకే మూలకి పరిగెత్తితే ఆ మూల బయట ఏముందో వెళ్లి చూడాల్సిందే.

మేం అలాగే వెళ్లి చూశాం. క్యాలెండరున్న గోడకి బయటి మూలలో వంటింటి నీళ్ల పైపు భూమిలోకి దిగుతోంది. ఇంటాయనని అడిగి జానెడు తవ్వామో లేదో, బురద. అతుకు ఊడి, గిన్నెలు కడిగిన నీళ్లన్నీ నేరుగా పునాది పక్కన ఇంకుతున్నాయి. బేరం కొంత తగ్గింది, బావమరిది కొన్నాడు. పైపు మార్పించి, ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలేలా చప్టా వేయించాం. బీట మాత్రం వెంటనే పూడ్చనివ్వలేదు. రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాశాం. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా బీట ఆ గీత దాటలేదు. అప్పుడు పూడ్చాం.

గోడ పక్కన పెద్ద చెట్టున్నా వేసవిలో నల్లరేగడిలోని తడిని పీల్చేసి ఇదే పని చేస్తుంది. అలాగని వెంటనే కొట్టేయొద్దు. పీల్చే వేరు లేక మట్టి మళ్లీ ఉబ్బి ఇంకో బీట తెప్పిస్తుంది. ఇంజనీరుని అడిగాకే గొడ్డలి. ఇక ఒకసారి పూడ్చిన బీట మళ్లీ విచ్చుకుని ఉండి, బయట పైపూ చెట్టూ ఏ కారణమూ దొరక్కపోతే, నేనైతే ఆ ఇంటికి అడ్వాన్సు ఇవ్వను.

శ్లాబు కింద పెచ్చులూడటం

మంచం మీద పడుకుని పైకి చూస్తే అరచేతి మందాన పెచ్చు ఊడి, లోపల ఎర్రగా తుప్పు పట్టిన చువ్వలు. పాత శ్లాబు ఇళ్లలో ఇది మామూలే. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. అప్పట్లో చాలాచోట్ల చువ్వల్ని సెంట్రింగ్ రేకు మీదే పడుకోబెట్టి పోసేశారు. డాబా మీది తడి, గాలి కలిసి చువ్వని చేరతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. తుప్పుగా మారిన ఇనుముకి రెట్టింపుకి పైగా చోటు కావాలి. ఆ ఉబ్బుదలే పెచ్చుని కిందికి నెడుతుంది.

ఊడినచోటు ఎలాగూ కనిపిస్తుంది. ఊడబోయే చోటుని చెవితో పట్టుకోవాలి. స్టూలెక్కి సుత్తితో అడుగడుక్కీ మెల్లగా కొట్టండి. గట్టి శ్లాబు ఖంగుమంటుంది, విడిపోయినచోట గుల్లగా పలుకుతుంది. గుల్ల పలికినచోటల్లా సుద్దముక్కతో చుట్టండి. చివర్లో నాలుగైదు చుట్లే ఉంటే బాగుచేయించుకోవచ్చు. గది నిండా చుట్లే అయితే శ్లాబు తీసేసి కొత్తది పోయాల్సి రావచ్చు, కాబట్టి స్థలం ధర మాత్రమే మాట్లాడండి.

బాగుచేయడమంటే ఊడినచోట సిమెంటు మెత్తడం కాదు. అలా మెత్తింది రెండు మూడేళ్లలో మళ్లీ ఊడుతుంది. చువ్వ వెనక దాకా వదులు కాంక్రీటు కొట్టేయాలి, తుప్పుని ఇనుము మెరిసేదాకా తీగ బ్రష్‌తో గీకాలి, తుప్పు పట్టనివ్వని ప్రైమరు పూయాలి, ఆపైన పాలిమర్ కలిపిన మోర్టారు పెట్టాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. అన్నిటికన్నా ముందు డాబా పైనుంచి దిగే నీళ్లు ఆపాలి, లేకపోతే ఇదంతా దండగ.

ఇదే తుప్పు పిల్లరు మూలల వెంట నిలువునా గోధుమరంగు చారగా కనిపిస్తోందా? అక్కడ మేస్త్రీ మాట వద్దు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. పాత ఇంటికి ఫాల్స్ సీలింగ్ కొత్తగా వేసి ఉంటే లైటు ఒకటి విప్పించి, ఆ కన్నంలోంచి ఫోను కెమెరా పెట్టి చూడండి. నేను ఒక ఇంట్లో అలా చూస్తే, ఊడిన పెచ్చులు ఆ సీలింగు పలకల మీదే పడి ఉన్నాయి.

గోడ అడుగున చెమ్మ, తెల్లటి ఉప్పు పొడి

నేల నుంచి మూడడుగుల దాకా రంగు పొరలుగా లేచి, చేత్తో రాస్తే తెల్లపొడి అంటుతుంటే అది నేలలోంచి పైకి పాకే చెమ్మ. పునాది మీద తడిని ఆపే పొర లేకుండా కట్టిన ఇళ్లలో వస్తుంది. ఇంట్లో ఒక్కచోటే ఉంటే మాత్రం గోడలో పైపు కారుతోందేమో చూడండి. అనుమానం తీరకపోతే, ఒక అడుగు పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి, రెండు రోజులయ్యాక తీసి చూడండి. గోడవైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు ఉంటే గాలి ఆడకపోవడమే, కిటికీ తెరిస్తే చాలు.

దీనికి చాలామంది చేసేది నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించడం. చెమ్మ ఎక్కడికీ పోదు, టైల్స్ దాటి ఐదో అడుగులో తేలుతుంది. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి తడిని తిప్పికొట్టే రసాయనం ఎక్కించాలి, ఉప్పు తిన్న పూత కొట్టేసి సున్నం కలిపిన పూత పూయాలి. పని బాగా జరిగినా గోడ ఆరడానికి నెలలు పడుతుంది.

శ్లాబుకి తడి మచ్చ

పైన బాత్రూమ్ ఉందా, డాబా ఉందా అన్నది ముందు తేల్చుకోండి. బాత్రూమ్ అయితే నీళ్లు పోయే కన్నానికి గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి మర్నాడు వచ్చి చూడండి. డాబా అయితే నూటికి తొంభై పాళ్లు పిట్టగోడ అడుగునో, ఆకులు అడ్డుపడ్డ తూము దగ్గరో ఉంటుంది తంటా. వేడి తగ్గడానికి వేసే తెల్లరంగుని వాటర్‌ప్రూఫింగ్ అని చెబితే నమ్మకండి.

గడప రోడ్డు కంటే కిందికుంటే

దీనికి నా దగ్గర మంచి మందు లేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ నాలుగంగుళాలు లేస్తుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. లోపల రెండడుగులు మట్టి నింపితే పదడుగుల గది ఎనిమిదడుగులవుతుంది, తలుపులన్నీ కోయాలి. జాకీలతో ఇల్లు లేపేవాళ్లున్నారు కానీ పెచ్చులూడే ఇంటికి ఆ సాహసం వద్దు. విజయవాడలో అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇంటివాళ్లని కాదు, ఎదురింటివాళ్లని అడగండి. మీటరు బోర్డు ఈమధ్యే పైకి మార్చి ఉంటే జవాబు దొరికినట్టే.

ద్వారబంధాల మీద మట్టి గీతలు

చెదలు. స్క్రూడ్రైవరుతో గుచ్చండి, దిగిందంటే లోపల ఖాళీ. గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు, పని చేస్తుంది. పాత మిద్దె ఇంట్లో దూలాలకే పడితే మాత్రం గోడలో దూరిన దూలం చివర గుచ్చి చూడకుండా మాట ఇవ్వకండి. కుళ్లు అక్కడే మొదలవుతుంది.

కరెంటు

గుండ్రటి నల్ల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు, రెండు కన్నాల ప్లగ్గులు ఉంటే వైరింగంతా మార్చాల్సిందేనని లెక్క వేసుకోండి. కొత్త స్విచ్‌బోర్డులుంటే ఒకటి విప్పించండి, వెనక పాత వైరే ఉండొచ్చు. మూడో కన్నం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టించండి, వెలగకపోయినా మసకగా వెలిగినా ఎర్తు చచ్చినట్టే. ఇంట్లో అన్నీ ఆపేశాక కూడా మీటరు మీది ఎర్రలైటు మిణుకుమంటుంటే ఎక్కడో లీకేజీ ఉంది. కొత్త వైరింగుతోపాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి, షాక్ కొట్టిన క్షణంలో అదే కరెంటు ఆపుతుంది.

కుళాయిలో సన్నటి ధార

అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. పైన ట్యాంకు నిండుగా ఉండి కూడా ధార సన్నగా, మొదట ఎర్రగా వస్తే జీఐ (ఇనుప) పైపులు లోపల తుప్పుతో మూసుకుపోయాయి. సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకి మార్చడమే దారి. బోరు మోటారు అరగంట ఆపకుండా నడిపించి చూడండి. మే నెలలో నీళ్లు ఎన్ని రోజులు కొన్నారో పక్కింట్లో అడగండి.

పైన కొత్త అంతస్తు

కింద పాతది, పైన కొత్తగా ఒకటి రెండు అంతస్తులు లేచిన ఇళ్లలో మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను అడిగి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో లేని అంతస్తుకి బ్యాంకు లోను ఇబ్బందవుతుంది. అదొక్కటే కాదు, ఆ బరువు కోసం కింది పిల్లర్లు కట్టలేదు. లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) లాయరుకి వదిలేయండి.

బాగుచేయించాల్సినవి కాగితం మీద రాసి, మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ల చేత విడివిడిగా అంచనా వేయించి, ఆ కాగితంతోనే బేరానికి కూర్చోండి. రిజిస్ట్రేషన్‌లోగా తాను చేయిస్తానని ఇంటాయన ఒప్పుకున్న పనులుంటే అవి అగ్రిమెంటులో ఒక్కొక్కటిగా రాయించండి. అడ్వాన్సు దాని తర్వాతే.