జపాన్ తీరంలో కాపురం పెట్టబోయే హైదరాబాద్ వాళ్ళకు

ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆఫీసు ముందు నుంచే ఏళ్ళ తరబడి కూరగాయలకు వెళ్ళొచ్చేదాన్ని. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు పంపే కేంద్రాన్ని 2007లో పెట్టింది అక్కడే, సముద్రం జాడే లేని మన ఊళ్ళో. అయినా సునామీ వస్తే ఏం చేయాలో జపాన్ వెళ్ళేదాకా నాకు ఒక్క ముక్క తెలియదు. ఇప్పుడు ఇక్కడ ఎవరు వీసా వచ్చిందని సామాన్లు సర్దుకుంటున్నా, ముందు ఇదే చెబుతున్నాను.

ఇల్లు చూసేటప్పుడు స్టేషన్ ఎంత దూరం, ఇండియన్ స్టోర్ ఎక్కడ అని అడుగుతాం కదా. కరెంటు స్తంభాలు కూడా చూడండి. మా సందు మొదట్లో స్తంభానికి ఒక రేకు ఉండేది, దానిమీద 3.2 అని అంకె. ఇంటి నంబరేమో అనుకున్నాను. సముద్ర మట్టానికి మా సందు అన్ని మీటర్ల ఎత్తులోనే ఉందని పక్కింటి పెద్దావిడ చేయి పైకీ కిందికీ ఆడించి చూపించాక అర్థమైంది. అడ్రస్ నమోదుకు సిటీ ఆఫీసుకు వెళ్ళిన రోజే హజార్డ్ మ్యాప్, అంటే నీళ్ళు ఎక్కడిదాకా రావచ్చో రంగులతో చూపించే మ్యాప్, అడిగి తెచ్చుకోండి. మీ వీధికి రంగు వేసి ఉందో లేదో చూడండి. సాయంత్రం ఐదింటికి వీధి మైకుల్లో పాట వస్తే మేం గుడి మైకనుకున్నాం. హెచ్చరికలు వినిపించే మైకులు పనిచేస్తున్నాయో లేదో అలా రోజూ చూసుకుంటారట.

పెద్ద భూకంపం వస్తే దాదాపు 3 నిమిషాల్లో అక్కడి వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తుంది. అల 1 మీటరు దాకా రావచ్చంటే చూయిహో (జాగ్రత్త సూచన), 3 మీటర్ల దాకా అయితే కేహో (హెచ్చరిక), అంతకు మించితే ఓ-త్సునామీ కేహో (పెద్ద సునామీ హెచ్చరిక). మీటరేగా అని ఒడ్డున నిలబడి వీడియోలు తీయకండి, మోకాలి లోతు నీళ్ళే మనిషిని పడేస్తాయి. గట్టి కుదుపు వస్తే అసలు హెచ్చరిక కోసమే ఆగొద్దు.

మనకు కష్టమైనది వేరే ఉంది. కుదుపు ఆగగానే చేయి ఫోన్ మీదికి పోతుంది: స్కూల్లో పాప, ఆఫీసులో ఆయన, ఆపైన కూకట్‌పల్లిలో అమ్మ. అందరం కలిసే పోదాం అని ఆగుతాం. జపాన్ ఈశాన్యాన ఉన్న సన్‌రికు తీరంలో ‘త్సునామీ తెండెన్కో’ అంటారు, ఎవరికి వాళ్ళు ఎత్తుకు పరుగెత్తమని. వినగానే ఎంత స్వార్థం అనిపించింది. కానీ 2011 మార్చి 11న పెద్ద సునామీ వచ్చినప్పుడు ఆ తీరంలోని కామైషి ఊళ్ళో బడిపిల్లలు అలాగే కొండెక్కి బతికారు. మాటంతా ముందే అయిపోవాలి. పాప టీచర్లతో వెళ్తుంది, ఆయన ఆఫీసు దగ్గరి ఎత్తైన భవనం ఎక్కుతారు, నేను బాబునెత్తుకుని గుడి మెట్లు ఎక్కుతాను, ఎవరూ ఎవరికోసం వెనక్కి రాకూడదు. అలా ఒప్పుకోవడానికి మాకు రెండు రాత్రులు, ఒక గొడవ పట్టాయి.

ఆ దారి ఒకసారి నడిచి చూడండి. ఫోన్‌లో మ్యాప్ 9 నిమిషాలంది. వానలో బాబును చంకనెత్తుకుని, బ్యాగు తగిలించుకుని ఎక్కితే 17 పట్టింది. బ్యాగులో నేను పెట్టిన ఆవకాయ సీసా ఆ రోజే తీసేశాను. నీళ్ళు, మందులు, టార్చి, పవర్ బ్యాంకు, రెసిడెన్స్ కార్డు చాలు.

పైకెక్కాక తొందరపడి దిగొద్దు. మొదటి అలే పెద్దదని లేదు. 2025 జూలై 30న రష్యాలోని కమ్చాట్కాలో 8.8 తీవ్రతతో భూకంపం వస్తే, జపాన్‌లో హెచ్చరికలు పూర్తిగా ఎత్తేసింది మర్నాడు సాయంత్రమే. అమ్మకు పైకి చేరాకే చెప్పండి. ఫోన్ కలవకపోతే వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పడేయండి, సిగ్నల్ వచ్చినప్పుడు అదే వెళ్తుంది.