పట్టా భూమిలో కొట్టిన దుంగలను వంటచెరకుగా అమ్మాలంటే: తెలంగాణలో నరికివేత అనుమతి, రవాణా పర్మిట్ దరఖాస్తు విధానం

గాలివానకు పడిన చింతచెట్టు గానీ, గట్టు మీద అడ్డమని కొట్టించిన తుమ్మలు గానీ, దుంగలైపోయాక రైతుకు ముందు తట్టేది కొనేవాడు. ఇటుక బట్టీ వాళ్లు, హోటళ్ల వాళ్లు ట్రాక్టర్ పంపిస్తామంటారు, డబ్బు చేతిలో పెడతామంటారు. కాగితం సంగతి అప్పుడు ఎవరూ ఎత్తరు. చెక్‌పోస్ట్ దగ్గర బండి ఆగాకే ఆ మాట వస్తుంది. అప్పటికి చెట్టు మొదలు పెకిలించి, చేను దున్నేసి ఉంటారు. ఆ దుంగ తన పొలంలోదేనని చూపించడానికి ఏమీ మిగలదు. అటవీ చట్టాల ప్రకారం, దుంగ ఎవరిదన్న ప్రశ్న వస్తే, మరొకరిదని రుజువయ్యేదాకా అది ప్రభుత్వానిదే అనుకుంటారు. రుజువు చూపించాల్సింది మనమే. అందుకే ఈ దరఖాస్తు పని గొడ్డలి ఎత్తకముందే మొదలవ్వాలి.

తెలంగాణలో ఇందులో రెండు వేర్వేరు అనుమతులున్నాయి. చెట్టు కొట్టడానికి ఒకటి, కొట్టినదాన్ని రోడ్డెక్కించడానికి ఇంకొకటి. మొదటిది 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద వస్తుంది. ఊళ్లలో దాన్ని అందరూ వాల్టా అనే అంటారు. రెండోది 1967 అటవీ చట్టం, 1970లో చేసిన అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద వస్తుంది. కొట్టడానికి అనుమతి ఉంది కదా అని దుంగలు బండికెత్తితే కుదరదు. నాకు తెలిసి ఎక్కువ మంది చిక్కుల్లో పడేది ఇక్కడే.

ముందు చెట్టు ఏ జాతిదో చూసుకోవాలి

సరుగుడు, నీలగిరి, సుబాబుల్, సర్కారు తుమ్మ లాంటి వాటికి రవాణా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. సర్కారు తుమ్మ వేరు, నల్లతుమ్మ వేరు. కాగితం మీద ఉత్త "తుమ్మ" అని రాస్తే చెక్‌పోస్ట్‌లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీస్తారు. స్థానిక పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా దరఖాస్తులో పడేలా చూడండి. మీ ఊరి వైపు చూసే అటవీ శాఖ క్షేత్ర ఉద్యోగి, అంటే బీట్ ఆఫీసర్‌ని అడిగితే రాసిస్తారు. టేకు, మద్ది లాంటి గట్టి కలప జాతులకైతే పర్మిట్ ఉండాల్సిందే. వంటచెరకు కోసమే అన్నంత మాత్రాన టేకు ముక్కకు పర్మిట్ అక్కర్లేకుండా పోదు. ఎర్రచందనం, శ్రీగంధం నిబంధనలు పూర్తిగా వేరు, ఇక్కడ చెప్పే పద్ధతి వాటికి వర్తించదు.

భూమి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. పట్టాదారు పాస్‌బుక్ మీ పేరున ఉండి, చెట్టు ఆ సర్వే నంబర్ హద్దు లోపలే ఉంటే పని సులువు. పక్కన రిజర్వ్ ఫారెస్ట్ ఉంటే మాత్రం హద్దు రాళ్లు ఎక్కడున్నాయో అటవీ, రెవెన్యూ సిబ్బంది కలిసి చూస్తారు. అది ఒక్క రోజులో తేలకపోవచ్చు కాబట్టి టైమ్ పెట్టుకుని దిగండి. అటవీ భూమి సాగుకు ఇచ్చిన పోడు పట్టా ఉన్నవాళ్లకు నా మాట ఒక్కటే: ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగకుండా ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి వేయవద్దు. ఆ పట్టా సాగు హక్కుకు సంబంధించినది, మామూలు పట్టా భూమిలా దాన్ని చూడరు. రోడ్డు పక్క చెట్లు, చెరువు గట్టు చెట్లు, గ్రామకంఠంలోని చెట్లు మీ ఇంటి ముందే ఉన్నా మీవి కావు.

కొట్టడానికి అనుమతి

దరఖాస్తును మీసేవ కేంద్రంలో గానీ నేరుగా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో గానీ ఇవ్వొచ్చు. పాస్‌బుక్ నకలు, ఆధార్, భూమి రికార్డు ప్రతి, చెట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టిన స్కెచ్ జత చేయాలి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూ భారతి వచ్చింది. అందుకని పాత ప్రింటవుట్ కాకుండా కొత్తది తీసి పెట్టండి. భూమి అన్నదమ్ముల ఉమ్మడి పేరున ఉంటే మిగతా వాళ్ల సంతకాలతో అంగీకార పత్రం కూడా ఉంచండి. తమ్ముడు వేరే ఊళ్లో ఉన్నాడని వదిలేసిన ఫైళ్లు అక్కడే ఆగిపోతాయి.

దరఖాస్తులో చెట్ల జాతి, సంఖ్య, మనిషి నిలబడితే రొమ్ము వచ్చే ఎత్తులో చెట్టు చుట్టుకొలత, ఎందుకు కొడుతున్నారో రాయాలి. కారణాన్ని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎండిపోయింది, కరెంటు తీగల మీద వాలింది, బోరు బండి రావడానికి అడ్డమైంది, ఏదైతే అది. తర్వాత బీట్ ఆఫీసర్ లేదా సెక్షన్ ఆఫీసర్ వచ్చి చెట్లు చూసి, కొలిచి, పైకి నివేదిక పంపుతారు. కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలనే షరతు వాల్టా అనుమతిలో ఉంటుంది. దాన్ని కాగితం మీది తంతుగా తీసుకోవద్దు. గట్టు మీద ఒక నల్లతుమ్మ పోతే ఆ నీడ, ఆ మేత మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. వానలు మొదలవగానే నాటి, ఫోటో తీసి ఆ ఫైల్‌లోనే పెట్టండి.

చెట్టు గాలికి దానంతటదే పడిపోతే? అప్పుడు కూడా సమాచారం ఇవ్వాల్సిందే. వేళ్లతో సహా పడిన చెట్టును కోయకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, బీట్ ఆఫీసర్‌కు చెప్పి, రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. అధికారి వచ్చి చూసేదాకా మొదలును కదపవద్దు. దుంగ కోసిన ముఖాన్ని, మొదలు కోసిన ముఖాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే చెట్టువో కాదో తెలిసిపోతుంది. మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం ఆ మొదలే.

కొలత దగ్గర జాగ్రత్త

దుంగలుగా ఉన్నప్పుడు కొలత ఒక తీరు, చీల్చి పేర్చాక ఇంకో తీరు. దుంగ మధ్యలో చుట్టుకొలత తీసి, అందులో నాలుగో వంతును మళ్లీ ఆ నాలుగో వంతుతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించడం వాడుకలో ఉన్న లెక్క. ఉదాహరణకు చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, పొడవు ఒకటిన్నర మీటర్లు ఉన్న దుంగ తీసుకోండి. నాలుగో వంతు 0.30 మీటర్లు. 0.30ని 0.30తో గుణించి 1.5తో గుణిస్తే 0.135 ఘనపు మీటర్లు. అలాంటివి నాలుగుంటే 0.54. ఈ లెక్కలో బెరడు, తరుగు పోను మిగిలేదే వస్తుంది. అసలు చెక్క అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అవే నాలుగు దుంగల్ని చీల్చి పేర్చితే మధ్యలో గాలి సందులు కూడా కలిసి, రాశి దాదాపు ఒక ఘనపు మీటరు అవుతుంది.

పర్మిట్ మీద 0.54 అని ఉండి బండిలో ఒక ఘనపు మీటరు రాశి కనిపిస్తే చెక్‌పోస్ట్‌లో ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. నిజాయితీగా తెచ్చిన సరుకుకు కూడా దొంగ సరుకన్న అనుమానం తగులుతుంది. అందుకే చీల్చడం కొలతకు ముందా, తర్వాతా అన్నది ముందే నిర్ణయించుకోండి. చీల్చి పంపేటట్టయితే పేర్చిన రాశిగానే కొలిపించి, పర్మిట్‌లో "వంటచెరకు, పేర్చిన కొలత" అని రాయించండి. దుంగలుగానే పంపేటట్టయితే ఒక్కో దుంగకు నంబర్, పొడవు, చుట్టుకొలతతో జాబితా వేయించి, కోసిన ముఖం మీద అటవీ శాఖ సుత్తి ముద్ర పడిందో లేదో చూసుకోండి. ముద్ర పడ్డాక ఆ ముఖాన్ని మళ్లీ కోయవద్దు.

బరువు లెక్కన అమ్మేవాళ్లకు ఇంకో మాట. పచ్చి కట్టె బరువులో చాలా భాగం నీరే. కొన్ని వారాలు ఎండితే తూకం బాగా పడిపోతుంది. కొలిచిన రోజుకు, బండి కదిలిన రోజుకు మధ్య ఎక్కువ రోజులు గడిస్తే తూకం స్లిప్ కొత్తది తీయించండి.

రవాణా పర్మిట్

దీనికి కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ తెచ్చిన నేషనల్ ట్రాన్సిట్ పాస్ సిస్టమ్ ఉంది. 2020లో మధ్యప్రదేశ్, తెలంగాణల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 డిసెంబర్ 29న దేశమంతటి కోసం ప్రారంభమైంది. పోర్టల్ ఉంది, మొబైల్ యాప్ కూడా ఉంది. ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ చేసుకుని, రాష్ట్రం, జిల్లా ఎంచుకుని, జాతి, పరిమాణం, సరుకు ఎక్కే చోటు, దిగే చోటు నింపాలి. మినహాయింపు జాతి అయితే నిరభ్యంతర పత్రాన్ని మీరే తీసుకోవచ్చు, ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. మినహాయింపు లేని జాతి అయితే దరఖాస్తు అధికారికి వెళ్తుంది. పరిశీలన అయ్యాక ఆన్‌లైన్‌లో ఫీజు కడితే క్యూఆర్ కోడ్ ఉన్న పర్మిట్ వస్తుంది. దారిలో సిబ్బంది ఆ కోడ్ స్కాన్ చేసి చూస్తారు. సరుకు రాష్ట్రం దాటాల్సి ఉంటే ఈ పద్ధతి మరీ మేలు.

నింపేటప్పుడు వాహనం నంబర్ దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ట్రాక్టర్‌కు ఒక నంబర్, ట్రాలీకి ఒక నంబర్ ఉంటాయి కాబట్టి రెండూ చూసుకోండి. కొనేవాడు చివరి నిమిషంలో బండి మార్చాడంటే పాత పర్మిట్‌తో కదలనివ్వకండి, ముందు నంబర్ మార్పించండి. రెండు ట్రిప్పుల సరుకు ఉంటే ఒకే పర్మిట్‌ను రెండుసార్లు వాడటం కుదరదు. పర్మిట్ లేని సరుకును, దాన్ని మోసిన బండిని అటవీ చట్టం సెక్షన్ 44 కింద పట్టుకోవచ్చు, జప్తు కూడా చేయొచ్చు. కిరాయికి వచ్చిన ట్రాక్టర్ యజమాని ఏ తప్పూ చేయకుండా బండి పోగొట్టుకునే పరిస్థితి రావచ్చు. కాబట్టి డ్రైవర్ చేతిలో ప్రింట్ పెట్టండి, ఫోన్‌లో కాపీ ఉంటే సరిపోతుందని అనుకోవద్దు.

అమ్మకం కాగితం కూడా ఆ పర్మిట్‌తో సరిపోవాలి. వంటచెరకుకు జీఎస్టీ లేదు, కలప దుంగలకు ఉంది. బిల్లు మీద ఒకటి, పర్మిట్ మీద ఇంకొకటి రాస్తే రెండు శాఖలకూ జవాబు చెప్పుకోవాలి. కొనేవాడి పేరు, చేరే చోటు పర్మిట్‌లో ఉన్నట్టే బిల్లులో రాయండి.

పర్మిట్ మీద గడువు తేదీతో పాటు సమయం కూడా ఉంటే అదీ చూసుకోండి. బండి దారిలో చెడిపోతే గడువు దాటకముందే దగ్గర్లోని రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, బండి ఎక్కడ ఆగిందో చెప్పి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. దుంగలను వేరే బండికి మార్చాల్సి వస్తే వాళ్లకు తెలిశాకే మార్చండి.