బంతి వెనక్కి తిరిగే లెక్కల్లో ముందు దిశ రాసుకోండి

ఇంటర్ ఫిజిక్స్ చదివేవాళ్లకు, ఎప్‌సెట్‌కి (పాత ఎంసెట్) ప్రిపేర్ అయ్యేవాళ్లకు ఒక మాట. అభిఘాతం (వస్తువులు ఢీకొనడం) లెక్క కనబడగానే సూత్రం రాయకండి, ముందు ఒక బాణం గీసి ఇటువైపు ప్లస్ అని పెట్టుకోండి.

160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చి, బ్యాట్‌కు తగిలి, 40 మీటర్ల వేగంతో అదే దారిలో బౌలర్ వైపు వెళ్లిందనుకోండి. చాలామంది 40లోంచి 30 తీసేసి 0.16 × 10 = 1.6 అని రాసేస్తారు, ఆప్షన్లలో అది కూడా ఉంటుంది కాబట్టి అనుమానమే రాదు. కానీ బౌలర్ వైపు ప్లస్ అనుకుంటే మొదటి వేగం −30, చివరి వేగం +40, తేడా 70. అంటే ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశి × వేగం) మార్పు 0.16 × 70 = 11.2 న్యూటన్ సెకన్లు. బంతికి బ్యాట్ ఇచ్చిన ప్రచోదనం (ఇంపల్స్, అంటే సగటు బలం × తాకిన సమయం) కూడా ఇదే, దానికి వేరే లెక్క అక్కర్లేదు. తాకిన సమయం 1 మిల్లీసెకను అని ఇస్తే 0.001తో భాగించండి, సగటు బలం 11,200 న్యూటన్లు. (గ్రాములు, మిల్లీసెకన్లు మొదట్లోనే మార్చేసుకుంటే టెన్షన్ ఉండదు.)

బంతి నున్నని గోడకు ఏటవాలుగా తగిలి అదే వేగంతో, అదే కోణంలో తిరిగొస్తే మాత్రం గోడ వెంబడి ఉన్న వేగాంశం మారదు, గోడకు లంబంగా ఉన్నదే తిరగబడుతుంది. అందుకే మార్పు 2 × ద్రవ్యరాశి × వేగం × కాస్ థీటా. ఇది థీటా కోణాన్ని గోడకు గీసిన లంబంతో ఇచ్చినప్పుడే, గోడతో ఇస్తే సైన్ వాడాలి, కాబట్టి ప్రశ్నలో ఆ ముక్క రెండుసార్లు చదవండి.