మామిడి గుజ్జును ఇంటి ఫ్రీజర్‌లో సంక్రాంతి దాకా దాచుకోవడం ఎలా?

జూన్, జులై నెలల్లో చిత్తూరు, దామలచెరువు మండీల నిండా తోతాపురి రాశులే. అప్పుడే ఇంట్లోనూ నాలుగు కిలోల గుజ్జు తీసి పెట్టుకుంటే పండగ పాయసంలోకీ, పిల్లల లస్సీలోకీ పనికొస్తుంది. ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి. ఫ్రీజర్ సూక్ష్మజీవులను చంపదు, పెరగకుండా ఆపుతుంది, అంతే. గుజ్జులో ఉన్న కల్మషం కరిగించినప్పుడు మళ్లీ బతికి వస్తుంది. కాబట్టి అసలు జాగ్రత్తంతా ఫ్రీజర్ తలుపు తెరవక ముందే పడాలి.

ముందు ఫ్రీజర్‌నే పరీక్షించండి. లోపల మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే సరే, చెంచా సులువుగా దిగితే ఆ చల్లదనం చాలదు. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని చిన్న ఐసు అర చాలాసార్లు ఇలాగే ఉంటుంది. అందులో పెట్టిన గుజ్జును రెండు మూడు వారాల్లో వాడేయడమే మేలు.

బాగా పండినవి, తొక్క చెక్కుచెదరనివి ఎంచుకోండి. నల్లమచ్చ కండలోకి దిగినా, పులిసిన వాసన వచ్చినా పక్కన పెట్టేయండి.  ముందుగా కాయ మొత్తాన్ని ధారగా పడే నీటి కింద చేత్తో రుద్ది కడగాలి. ఎలాగూ తొక్క తీసేస్తాం కదా అని ఈ పని మానేయకండి. తొక్క మీది మట్టిని కత్తి నేరుగా కండలోకి మోసుకుపోతుంది. ఇలా కడిగాకే తొడిమ వైపు చిన్న ముక్క కోసి, కారిన సొనను కడిగేయండి.

ముక్కలను నీళ్లు పోయకుండా మిక్సీలో తిప్పి, పీచు లేకుండా వడకట్టండి. నా మాట వింటే, సగం తోతాపురి, సగం బేనీషా (బంగినపల్లి) కలపండి. చిక్కదనం, కమ్మదనం రెండూ కుదురుతాయి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో పోసి, బుడగలు వచ్చాక రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉంచి దించండి. ఉడికే గుజ్జు చిమ్ముతుంది, చేతులు జాగ్రత్త. కిలోకు ఒక చెంచా నిమ్మరసం కలిపితే రంగు మారదు.

ఎక్కువమంది తడబడేది చల్లార్చే దగ్గరే. వేడి గుజ్జును గట్టు మీద వదిలేస్తే సూక్ష్మజీవులకు కావలసిన వెచ్చదనం గంటల తరబడి దొరుకుతుంది. మామూలుగా రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండాకాలంలో ఒక్క గంట, అంతకు మించి బయట ఉండకూడదు. తిరుపతి వంటింట్లో వేసవిలో ఒక్క గంటే లెక్క. గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో ఉంచి కలుపుతుంటే త్వరగా చల్లారుతుంది.

తర్వాత అర కిలో చొప్పున జిప్ కవర్లలో పోసి, గాలి నొక్కి తీసి, పళ్లెం మీద పలుచగా పరచండి. డబ్బా అయితే పైన అర అంగుళం ఖాళీ వదలండి, గడ్డకడితే గుజ్జు పొంగుతుంది. సన్నమూతి గాజు సీసాలు పగిలిపోతాయి, వాడొద్దు. తేదీ రాయండి. అన్నీ ఒకేసారి కుక్కకండి. 60 లీటర్ల ఫ్రీజర్‌లో రోజుకు రెండు మూడు కిలోలే పెట్టాలి. పచ్చి మాంసం, చేపలు ఉంటే వాటిని ఫ్రీజర్‌లోనే కింది అరలోకి మార్చండి.

గాలివానకు కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. ఫ్రిజ్ పైనుండే చిన్న అరకు అంత ఓపిక ఉండదు. ఊరెళ్లే ముందు ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల అడుగున కనిపిస్తే లోపలివన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టాయని అర్థం. వాటిని పారేయండి. వాసన బాగున్నంత మాత్రాన తినదగినవని కాదు.

వాడుకునే ముందు రాత్రి కవరును కింది ఫ్రిజ్‌లోకి దించండి. తొందరైతే మూతి బిగించిన కవరును చన్నీళ్లలో ఉంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చండి. బయట పెట్టి కరిగించవద్దు.

మదనపల్లె టమాటా చవకైనప్పుడు ఇదే పద్ధతిలో గుజ్జు చేసుకోవచ్చు. బీన్స్ అయితే మరిగే నీటిలో 3 నిమిషాలు, పచ్చి బఠాణీలు ఒకటిన్నర నిమిషం ఉంచి, వెంటనే ఐసు నీటిలో వేసి, తడి పూర్తిగా ఆర్చి కవర్లలో నింపండి.